అరువు గొంతు

మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. సన్నగా వాన పడుతోంది. గొడుగు వేసుకుంటే దండగ అనిపించి, వేసుకోకపోతే తడిపేసే వాన. తల్లీకూతుళ్ళిద్దరూ ఒకే గొడుగు కింద, చెరో భుజం తడుపుకుంటూ ల్యాబు గేటు దగ్గరికి వచ్చారు.

పశువులకొచ్చే జబ్బుల మీద పనిచేసే ల్యాబు అది. తల్లి అక్కడ ఫ్రీజర్ల గది చూసుకుంటుంది. అందరూ ఆమెను ఫ్రీజరమ్మ అంటారు. గదిని బట్టి అనేవాళ్ళు కొందరు, ఆమె తీరును బట్టి అనేవాళ్ళు కొందరు. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఆమె నోట్లోంచి వచ్చే మాటలు గుప్పెడుండవు. కోపం కాదు, పొగరు కాదు. ఆమెకు అంతకంటే అవసరం పడదు, అంతే.

కూతురు వేరే రకం. ఇంట్లో నానమ్మ ఆ పిల్లకు రేడియో అని పేరు పెట్టింది. నిద్రలో కూడా కట్టేయదు. కాలేజీలో జీవశాస్త్రం చదువుతోంది. ఇప్పుడు సెలవులు. తల్లితో పాటు పనిచేసే ఆవిడ రాకపోవడంతో, పెద్ద మేడంని అడిగి తల్లే సాయానికి తీసుకొచ్చింది.

"ఏం రేడియో, ఇవాళ ఏ స్టేషను?" అన్నాడు గేటు దగ్గర సెక్యూరిటీ బాబాయ్, ఇద్దరి ఫోన్లూ తీసుకుని అరలో పెడుతూ.

"ఏదైనా ఇప్పుడే వినేయండి బాబాయ్. లోపలికి వెళ్తే మా అమ్మ వాల్యూం తగ్గించేస్తుంది."

ఫ్రీజర్ల గదికి నేరుగా దారి లేదు. ముందు ఒక మధ్య గది ఉంటుంది. అటొక తలుపు, ఇటొక తలుపు. ఒకటి మూసుకుంటే తప్ప రెండోది తెరుచుకోదు. లోపలిది బయటికి రాకూడదని ఆ ఏర్పాటు. కిటికీ లేదు. ఇద్దరు మనుషులు, ఒక ట్రాలీ పడితే ఇక అందులో చోటుండదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆ బయటి తలుపు వేసేటప్పుడూ తీసేటప్పుడూ సెక్యూరిటీ తలుపు తట్టి, లోపల ఎంతమంది అని అడగాలి. లోపలివాళ్ళు నోటితో చెప్పాలి. ఎప్పుడో ఒకాయన్ని లోపలే మరిచిపోయి తాళం వేసుకుని వెళ్ళారట. అప్పటినుంచీ ఈ పద్ధతి. తల్లి ఒక్కతే వెళ్ళిన రోజుల్లో "ఒకరు" అని ఊరుకుంటుంది. ఇవాళ ఆ మాట అనే పని కూడా ఆమెకు తప్పింది.

"లోపల ఎంతమంది?" అన్నాడు బాబాయ్ బయటి తలుపు వేసి.

కూతురు అప్పటికే లోపలి తలుపును కాలితో ఆపి పట్టుకుంది. "ఇద్దరం బాబాయ్," అంది హుషారుగా. ఆ మాట చల్లటి గదిలోకి వెళ్ళి, ఇనప గోడలకు తగిలి తిరిగొచ్చింది.

*

గదిలో మూలనున్న ముసలి ఫ్రీజరు నాలుగు రోజులుగా మూలుగుతోంది. అది ఆగిపోయేలోగా అందులో ఉన్న వైరస్ సీసాలన్నీ కొత్త ఫ్రీజరులోకి మార్చాలి. మార్చేటప్పుడు సీసాలు కరగకుండా ట్రేలలో డ్రై ఐస్ ముక్కలు పరిచి, వాటి మీద పెట్టాలి. తెల్లటి పొగ నేల మీద పాకుతూ ఇద్దరి పాదాలూ కప్పేసింది.

తల్లి ఆ గదిలో అసలు మాట్లాడదు. మాస్కు వెనక నోరు కదిపితే కళ్ళజోడు మీద ఆవిరి పడుతుంది, సీసాల మీద అక్షరాలు కనపడవు. ఏం కావాలన్నా వేలితో చూపిస్తుంది, కళ్ళతో చెబుతుంది.

కూతురికి కళ్ళజోడు లేదు.

"అమ్మా, ఇది ఎక్కడ పెట్టను?" అని అడిగి, ప్రశ్న చివర చిన్నగా నవ్వింది. చేతిలోని పెట్టె అంత విచిత్రంగా ఉంది మరి. ముసలి ఫ్రీజరు అట్టడుగున, మంచు గడ్డలో ఇరుక్కుని దొరికింది. పైన చీటీ లేదు. ఏ కాలం నాటిదో తెలియదు. తల్లి ఉద్యోగంలో చేరకముందు నుంచీ అక్కడే ఉండుంటుంది.

తల్లి ట్రే చూపించింది. కూతురు పెట్టెను పొగలో పెట్టి దాని ముందు గొంతుక్కూర్చుంది.

"చూడమ్మా, ఇన్నేళ్ళూ తిండి లేదు, నీళ్ళు లేవు, ఊపిరి లేదు. ఇంకేదైనా అయితే ఎప్పుడో పోయేది. ఇది పోదు. ఎందుకంటే బతికి ఉంటే కదా పోవడానికి. మా క్లాసులో దీని మీద పెద్ద గొడవే అయింది. సగం మంది ప్రాణం ఉందన్నారు, సగం మంది లేదన్నారు. నేను లేదన్నాను. వైరస్‌కి సొంతంగా ఏమీ లేదు. కాళ్ళు లేవు, నోరు లేదు, ఒంట్లో పనిచేసే సామాను ఒక్కటీ లేదు. తెలిసినవాళ్ళలాగా వేషం వేసుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడుతుంది. తలుపు మనమే తీస్తాం. తీశాక మన పొయ్యి మీద, మన గిన్నెల్లో, మన సరుకులతో తన లాంటివాటినే వండిపెడుతుంది. అంతా అరువు. దాన్ని పట్టుకుని ప్రాణి అంటే ఎలా?"

తల్లి చేతిలో పని ఆపలేదు. నిలబడి కాచుకునేదానికి ప్రాణం లేదంటే ఎలా అనుకుంది.

కూతురు పెట్టె మీద మంచు గీరి, చెవి దగ్గర పెట్టినట్టు తల వంచింది. "ఏమండీ, బతికే ఉన్నారా? ఉంటే ఒక మాట అనండి."

తల్లి కళ్ళెర్రజేసింది. అలాంటి వేళాకోళాలు ఆమెకు గిట్టవు. చేత్తో లే అని సైగ చేసి, ఖాళీ ట్రాలీ తోసుకుంటూ బయల్దేరింది. డ్రై ఐస్ డబ్బా మధ్య గదిలో ఉంది. వెళ్తూ వెళ్తూ, ఏళ్ళ తరబడి ఒక్కతే పనిచేసిన చెయ్యి కదా, అలవాటుగా లైటు ఆర్పేసింది.

"నేనింకా ఇక్కడే ఉన్నానమ్మా," చీకట్లోంచి కూతురు గునిసింది.

తల్లి నాలిక కరుచుకుని మళ్ళీ లైటు వేసింది. మధ్య గదిలోకి వచ్చింది. వెనక స్ప్రింగు తలుపు తనంతట తను మూసుకుంది. టక్కుమని గడియ పడింది. పద్ధతి ప్రకారం గ్లౌజులు తీసి డబ్బాలో పడేసింది.

కరెంటు పోయింది.

*

పోవడం కొత్త కాదు. పోతే జనరేటరు వస్తుంది. తల్లి చీకట్లో కదలకుండా నిలబడింది. గోడ అవతల ఎక్కడో జనరేటరు ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది.

అప్పుడు ఆమెకు వినిపించింది. చప్పుడు కాదు, చప్పుడు లేకపోవడం. ఇన్నేళ్ళుగా ఆ ఫ్రీజర్ల హోరులోనే బతికింది. అది ఉందని కూడా ఎప్పుడో మరిచిపోయింది. ఇప్పుడది లేదు. తన గుండె కొట్టుకోవడం తనకే పరాయిదానిలా వినిపించింది.

రబ్బరు వాసన. మందు నీళ్ళ వాసన. చల్లటి ఇనుము వాసన.

లోపలి తలుపు తీయడానికి లోపల ఉన్నది కరెంటు మీట. అది ఇప్పుడు పనిచేయదు. మధ్య గదిలో మాత్రం గోడకు ఎర్ర పిడి ఒకటుంది, అది లాగితే లోపలి తలుపు తెరుచుకుంటుంది. అంటే పిల్ల బయటికి రావాలంటే తనే తీయాలి. తొందరగా తీయాలి. గదిలో ట్రేల నిండా డ్రై ఐస్ ఉంది. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఫర్వాలేదు. ఆగితే ఆ పొగ నేల మీది నుంచి నీళ్ళలా పైకి లేస్తుంది, గాలిని తోసేస్తుంది. అలా ఒకసారి తోటి మనిషి మోకాళ్ళ మీద కూలబడ్డం ఆమె కళ్ళారా చూసింది. కూర్చుంటే అంతే సంగతులు.

గోడ తడుముకుంటూ పిడి పట్టుకుంది.

"అమ్మా, ఇది ఎక్కడ పెట్టను?"

తలుపుకి ఆనుకునే. ఆమె ప్రాణం కుదుటపడింది. పిల్ల తలుపు దగ్గరే ఉంది. చీకట్లో కూడా దీనికి వేళాకోళమే.

పిడి లాగబోయింది.

"అమ్మా! కరెంటు పోయింది, ఏమీ కనపట్టంలేదు," అంది కూతురు. ఈసారి దూరంగా. గది ఆ చివర్నుంచి. ముసలి ఫ్రీజరు మూల నుంచి.

ఆమె చెయ్యి ఆగింది.

"అమ్మా, ఇది ఎక్కడ పెట్టను?" తలుపు దగ్గర. అదే గొంతు. అదే దీర్ఘం. చివర్లో అదే చిన్న నవ్వు, ఒక వెంట్రుకంత తేడా లేకుండా.

"అమ్మా..." దూరం నుంచి. "అదెవరు?"



"ఎవరో నాలాగా మాట్లాడుతున్నారమ్మా. నువ్వేనా? భయపెట్టకమ్మా, బాగుండదు."

తలుపు దగ్గర్నుంచి మెల్లగా, కొత్తగా కొన్న చెప్పుల్లో కాళ్ళు పెట్టి చూసుకుంటున్నట్టు...

"భయపెట్టకమ్మా. అమ్మా. అదెవరు?"

తల్లికి అర్థమైంది. దానికి సొంత మాట లేదు. పిల్ల అన్నదే అంటోంది. పిల్ల ఎంత మాట్లాడితే దానికి అన్ని మాటలు. పిల్లకేమో నోరు మూసుకోవడం పుట్టినప్పటినుంచీ రాదు.

"అమ్మా, మాట్లాడవేం? తలుపు తియ్యి. నాకు కళ్ళు తిరుగుతున్నాయి..." దూరం నుంచి.

"తలుపు తియ్యి. తలుపు మనమే తీస్తాం. కళ్ళు తిరుగుతున్నాయి, అమ్మా, నాకు. తలుపు తియ్యి." దగ్గర్నుంచి.

ఇప్పుడు వాక్యాలు కుదురుతున్నాయి. ఇంకాసేపు పోతే ఏది ఎవరిదో తనకు కూడా తెలియదు. నోర్ముయ్యవే అని గట్టిగా అరవాలనిపించింది. గొంతు దాకా వచ్చింది. పైకి అంటే ఆ మాట కూడా దానిదైపోతుంది. తన గొంతుతో ఆ పిల్లను ఎక్కడికైనా పిలుచుకుపోతుంది.

ఆమె పెదాలు బిగించింది. ఉంగరం వేలితో తలుపు మీద కొట్టింది.

టప్... టప్... టప్ టప్.

పిల్ల పసిదప్పుడు జోకొట్టే దెబ్బలు అవి. రెండు నిదానంగా, రెండు వెంటవెంటనే. అయిదోది కొట్టకుండా ఆగేది తల్లి. ఆ చివరి దెబ్బ పిల్లది. చిన్న చేత్తో తల్లి మోచేతి మీద అది కొట్టి గానీ కళ్ళు మూసేది కాదు. మాటలు ఇంకా రాని రోజుల్లో ఇద్దరూ మాట్లాడుకున్నది అదొక్కటే.

టప్... టప్... టప్ టప్. తలుపు అవతల, ఉంగరానికి సరిగ్గా ఎదురుగా. ఆగిపోయింది. దానికి అంతవరకే తెలుసు.

తల్లి ఎదురుచూసింది.

దూరంగా, ముసలి ఫ్రీజరు రేకు మీద... టప్.

ఆమె కళ్ళు తడిశాయి. పిల్లకు అర్థమైంది. ఆ తర్వాత దూరం నుంచి ఒక్క మాట రాలేదు. జీవితంలో మొదటిసారి రేడియో కట్టేసింది.

మళ్ళీ కొట్టింది. దగ్గర్నుంచి నాలుగూ వచ్చాయి. దూరం నుంచి చివరిది వచ్చింది. ఆలస్యంగా. బలం లేకుండా.

మళ్ళీ కొట్టింది. దగ్గర్నుంచి వచ్చాయి.

దూరం నుంచి... ఏమీ రాలేదు.

*

ఆమె పిడి లాగింది.

తలుపు తెరుచుకోగానే చలి పాదాల మీదికి దూకింది. ఏమీ కనపడలేదు. లోపలికి అడుగు పెట్టకూడదు. స్ప్రింగు తలుపు మూసుకుంటే పిడి ఇటే ఉండిపోతుంది, ఇద్దరూ లోపలే. ఒక కాలు తలుపుకి అడ్డం పెట్టి, నడుము దాకా వంగి, చేతిని చీకట్లోకి చాచింది.

వేళ్ళకు పొగ తగిలింది. ఇంకేమీ తగల్లేదు.

నేల మీద టప టపా కొట్టింది. జవాబు లేదు. ఎక్కడో, కిందనుంచి, ఊపిరి కష్టంగా తీస్తున్న చప్పుడు. మగతలోకి జారుతున్న పిల్లకి దెబ్బలు చాలవు. మాట కావాలి.

ఆమె ఉన్న మాటలన్నిట్లోకీ చిన్నది ఏరుకుంది.

"రా."

అంతే. ఒక్కటే. ఆ ఒక్కటీ గోడలకు తగిలి, గదంతా తిరిగి, ఎక్కడో ఆగింది.

నేల మీద ఏదో ఈడ్చుకుంటూ వచ్చింది. రబ్బరు గ్లౌజు తొడిగిన చెయ్యి ఒకటి ఆమె మణికట్టు పట్టుకుంది. మంచు ముద్దలా ఉంది. పట్టు మాత్రం గట్టిగా ఉంది. తల్లి రెండు చేతులా గుంజింది. బరువంతా వచ్చి ఒళ్ళో పడింది. ఇద్దరూ వెనక్కి విరుచుకుపడ్డారు. తలుపు మూసుకుంది.

"నేనింకా ఇక్కడే ఉన్నానమ్మా."

తలుపు అవతల నుంచి. గునుస్తూ.

ఇందాక అన్న మాటే అది. లైటు ఆర్పినప్పుడు అన్నదే. ఆ సంగతి తల్లికి తెలుసు. తెలిసినా, చేతుల్లో ఉన్నదాని వీపు మీద కొట్టింది. టప్... టప్... టప్ టప్.

రబ్బరు వేలొకటి ఆమె మోచేతిని వెతుక్కుంది. టప్.

ఆమె పిల్లను గుండెకు హత్తుకుంది. ఆ తర్వాత, హత్తుకుని ఉండగానే, ఆమెకు రెండు విషయాలు తట్టాయి. ఆ చివరి దెబ్బ కూడా ఆ గది విన్నదే. ఇంకోటి, తలుపు మూసుకుంది గానీ... టక్కుమన్న చప్పుడు వినపడిందా?

గుర్తు లేదు.

కూతురు ఏదో అనబోయినట్టు కదిలింది. తల్లి పిల్ల మాస్కు తీసేసి, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. మెల్లగా ఊపిరి తగులుతోంది. చాలు. అలాగే గోడకు ఆనుకుని కూర్చున్నారు. అటు తలుపు, ఇటు తలుపు. ఎంతసేపో ఆమెకు తెలియదు. చీకటికి గడియారం ఉండదు. అప్పుడప్పుడు లోపలి తలుపు అవతల ఎవరో తమలో తాము పాఠం వల్లె వేసుకుంటున్నట్టు గుసగుసలు. వాటిలో పిల్ల గొంతు. మధ్య మధ్యలో ఒక్క మాటకే తన గొంతు.

రా... రా... రా...

ఒక్కోసారి ఒక్కోలా. సరైనది దొరికేదాకా.

బయటి తలుపు మీద తట్టిన చప్పుడైంది. "ఫ్రీజరమ్మా, జనరేటరు మొరాయించింది. లోపల ఎంతమంది?"

తల్లి తలుపు మీద రెండుసార్లు కొట్టింది.

"కొడితే ఎలాగమ్మా, నోటితో చెప్పాలి కదా. మేడం నన్ను ఉద్యోగంలో ఉండనివ్వదు. ఎంతమంది?"

ఆమె ఇంకోసారి కొట్టింది. గట్టిగా. నోరు మాత్రం తెరవలేదు.

"ఇద్దరం బాబాయ్."

హుషారుగా. చెవి పక్కనే.

అరచేతి కింద పిల్ల పెదాలు కదల్లేదు.

"అదీ సంగతి," అన్నాడు బాబాయ్, తాళం తిప్పుతూ. వానాకాలపు వెలుతురు లోపలికి పడింది. ఆ వెలుతురులో తల్లి వెనక్కి తిరిగి చూసింది. లోపలి తలుపు మూసే ఉంది. లేదా మూసినట్టే ఉంది. చెయ్యి వేసి చూడ్డానికి ఆమెకు ధైర్యం చాల్లేదు.

*

పెద్ద మేడం పరుగెత్తుకొచ్చింది. కూతుర్ని వరండాలో పడుకోబెట్టి, డాక్టరుని పిలిపించి చూపించింది. భయం లేదు, కాసేపు గాలి అందలేదు, రెండు రోజులు గొంతుకు విశ్రాంతి ఇవ్వమన్నాడాయన. కూతురు తలూపింది.

తల్లి మేడంకి జరిగింది చెప్పింది. బయట, వానలో నిలబడి, గోడలకు వీలైనంత దూరంగా, పొడి పొడిగా చెప్పింది.

"ఆ పొగ అంతే," అంది మేడం ఆమె భుజం మీద చెయ్యి వేసి. "మోతాదు మించితే చెవుల్లో ఏవేవో వినిపిస్తాయి. మీరున్న మధ్య గదిలోకి కూడా తలుపు సందుల్లోంచి వచ్చి ఉంటుంది."

"ఆ పెట్టె?"

"మన ల్యాబు కుర్రాళ్ళు సామాను సర్దుతూ దాన్ని తెరిచి చూశారు. సీసాలన్నీ ఖాళీ." మేడం కాస్త ఆగింది. "పిల్ల అడిగిందన్నారే, ప్రాణం ఉందా లేదా అని. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, నేనూ చెప్పలేను. ఒక్కటే తెలుసు. బయట ఉన్నంతసేపూ అది ఏమీ కాదు. ఎవరో ఒకరు లోపలికి రానివ్వాలి."



ఇంటికి వచ్చేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. వాన తగ్గలేదు. అత్తగారు ముందుగదిలో మంచం మీద కూర్చుని తువ్వాలు అందించారు.

"ఏమే రేడియో, చప్పుడు లేదు? బ్యాటరీలు అయిపోయాయా?"

కూతురు నవ్వింది. నానమ్మ పక్కన కూర్చుని తల తుడుచుకోసాగింది.

"మీ అమ్మ పోలిక ఇన్నాళ్ళకి వచ్చిందన్నమాట," అన్నారు అత్తగారు. "ఇంక ఈ ఇంట్లో నాతో మాట్లాడే దిక్కెవరు?"

తల్లి గుమ్మం పక్కన పీట మీద కూర్చుని కూతురి నోటి వంకే చూస్తోంది. దారి పొడుగునా చూస్తూనే ఉంది. డాక్టరు మాట్లాడొద్దన్నాడు, నిజమే. అయినా ఒక్క మాట అంటే బాగుండు. ఆకలేస్తోందనో, కాళ్ళు నొప్పులనో. ఆ గదిలో అననిది, ఏదైనా సరే, ఒక్క కొత్త మాట.

పిల్ల తండ్రి, కుట్టుమిషన్లు బాగుచేసే సామాను సంచీ భుజాన వేసుకుని తడిసి వచ్చాడు. చెప్పులు విడిచి, తలుపు దగ్గరికి వేసి, ఎదురుగా కూర్చున్నాడు. "ఏంటి, ఇద్దరూ అలా ఉన్నారు?"

తల్లి తర్వాత చెబుతానన్నట్టు చెయ్యి ఊపింది. తలుపు వైపు చూసింది. దగ్గరికి వేసి ఉంది. గడియ పడలేదు. లేచి గడియ వేద్దామనుకుంది.

బయట మెట్ల మీద, వాన చప్పుడులో...

"రా."

మెత్తగా. చిన్నగా. తన గొంతు. ఈసారి బాగా కుదిరింది.

ఆయన మొహం చిట్లించాడు. "అదేంటి? నువ్విక్కడుంటే నీ గొంతు బయటేం చేస్తోంది?"

మంచం మీది నుంచి కూతురు లేచింది. తువ్వాలు జారి కింద పడింది. రెండడుగులు తలుపు వైపు వేసింది. తల్లి ఒక్క ఉదుటున వెళ్ళి మణికట్టు పట్టుకుంది. చెయ్యి ఇంకా మంచు ముద్దలాగే ఉంది. ఆగవే అనాలి. వెళ్ళకే అనాలి. నోరు తెరిచింది. బయట ఏదో వినడానికి సిద్ధంగా ఉన్నట్టు వాన కూడా మెత్తబడింది. నోరు మూసుకుంది.

కూతురు ఆమె వైపు తిరిగి నవ్వింది.

"నేనింకా ఇక్కడే ఉన్నానమ్మా," అంది.

గునుస్తూ. అదే దీర్ఘం. ఒక వెంట్రుకంత తేడా లేకుండా.

"హమ్మయ్య, పలికింది," అన్నారు అత్తగారు.

తల్లి ఆ మణికట్టు వదల్లేదు. రెండో చేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుంటూ ఇంట్లో ఎంతమందో లోలోపలే లెక్కపెట్టసాగింది. అత్తగారు ఇంట్లోనే ఉన్నారు. ఆయన వచ్చాడు. తను వచ్చింది.

నాలుగో వేలు దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. అత్తగారు. ఆయన. తను...